బీరువాలో అయిదు లివర్లు

భగవంతుడు మనిషికి కళ్లు రెండిచ్చాడు, చెవులు రెండిచ్చాడు, కిడ్నీలు కూడా రెండిచ్చాడు. లివరు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ముడుచుకున్నాడు. ఆ లోటును మా విజయవాడ స్కానింగ్ సెంటర్లు పూడ్చాయి. ఇవాళ మా బీరువా పైఅరలో, ఇంటి దస్తావేజులకూ మా ఆవిడ పట్టుచీరలకూ మధ్య, నావి అయిదు లివర్లున్నాయి. ఒకటి కొవ్వు పట్టింది. ఒకటి గట్టిపడి రాయైంది. ఒకటి ముతకబారింది. ఒకటి ఎటూ తేలని అంకె. అయిదోది నిన్నగాక మొన్న పురిట్లో పుట్టినంత లేతగా ఉంది. అయిదింటి మీదా పేరు నాదే, వయసు 49, పురుషుడు. అయిదింటి అడుగునా ముద్ర వేసినట్టు ఒకటే వాక్యం: 'ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ'.

ఆ వాక్యానికి తెలుగు ఏమిటని ఇంగ్లీషు మేష్టారు ఒకాయన్ని అడిగాను. "చూడ్డం నా వంతు, ఏడవడం నీ వంతు" అన్నాడు.

నేను మందు మానింది పోయిన సంక్రాంతికి. కనుమ నాడు ఆఖరి చుక్క. వైరాగ్యం పుట్టి కాదు. కళ్లు పచ్చబడ్డాయని మా ఆవిడంటే, గడపకు పసుపు రాసిన నీ చెయ్యి నా మొహం ముందు ఆడిస్తున్నావు, ఆ ఛాయ పడి ఉంటుందన్నాను. ముక్కనుమ నాటికి పసుపు కడిగేసుకుంది. నా కళ్లు అలాగే ఉన్నాయి. ఇక వాదించడానికేం మిగల్లేదు.

తాగుబోతునని మాత్రం అనకండి, మర్యాదస్తుణ్ణి. రోజుకో క్వార్టరు, అంతే. వెంకటేశ్వరస్వామి మీద భయంతో శనివారం సెలవు. ఈమధ్య తీరుబడి ఎక్కువై లెక్క కట్టాను. సీసా మీద 42.8 శాతం అని రాసి ఉండే 180 మిల్లీలీటర్లలో అచ్చమైన ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. వారానికి ఆరు రోజుల చొప్పున ఇరవై ఏళ్లకు దగ్గర దగ్గర నాలుగు క్వింటాళ్లు. మా నాన్న ఇరవై ఏళ్లలో మార్కెట్ యార్డుకు తోలిన మిర్చి గుర్తొచ్చింది. ఆయన బస్తాల్లో తోలాడు, నేను గొంతులో తోలాను. ఆయన సరుకుకైనా అప్పుడప్పుడూ గిట్టుబాటు ధర రాలేదు. నా సరుకు విషయంలో ప్రభుత్వానికి ఏ ఏడాదీ నష్టం రాలేదు.

సూర్యారావుపేటలో అడుగుకో డాక్టరు, అరడుగుకో ల్యాబు. అందులో ఒక సెంటరు ముందు 'సంక్రాంతి ఆఫర్: ఫుల్ బాడీ' అని ఫ్లెక్సీ కట్టారు. చొక్కాల షాపు ఆఫర్ అనుకుని రెండడుగులు దాటి మళ్లీ వెనక్కొచ్చాను. కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ, వీధి చివరిదాకా వినిపించేటట్టు "సార్, మద్యం అలవాటుందా?" అంది. పక్కనే మా మామగారు. "అకేషనల్‌గా" అన్నాను. అబద్ధమేం కాదు. సూర్యుడు అస్తమించడమూ ఒక అకేషనే కదా. ఆ అమ్మాయి 'సోషల్ డ్రింకర్' అని రాసుకుంది. ఆ రెండు మాటలు తర్వాత ఏడు నెలలు నా వెంట పడ్డాయి. సమయం వచ్చినప్పుడు చెబుతాను.

సెంటరు గోడ మీద మనందరికీ తెలిసిన బోర్డు ఉంటుంది: ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం చేశారు, మంచి పని. కడుపులో ఉన్న లివరు మంచిదో చెడ్డదో చెప్పకూడదని ఏ చట్టమూ లేదు. అయినా చెప్పరు.

మొదటి లివరు అల్ట్రాసౌండ్‌లో పుట్టింది. 'గ్రేడ్ 2 ఫ్యాటీ'. ఈ గ్రేడు ఎలా వేస్తారో తెలుసుకున్నాక నాకు పదో తరగతి వాల్యుయేషన్ మీద గౌరవం పెరిగింది. లివరు బొమ్మ పక్కనున్న కిడ్నీ బొమ్మ కంటే ఎంత తెల్లగా కనిపిస్తోందో కంటితో పోల్చి చూస్తారు. కొంచెం తెలుపైతే ఒకటి. లోపలి రక్తనాళాల గోడలు మసకబారితే రెండు. వెనకున్న డయాఫ్రం కూడా కనబడకపోతే మూడు. కొలత లేదు, త్రాసు లేదు. చూసే కన్ను, తిప్పే మీట. ఆ మీటను గెయిన్ అంటారు. అది కాస్త పైకి తిప్పితే తెర మొత్తం తెల్లబడుతుంది. పూర్వం మా ఊరి ఫోటో స్టూడియోలో పెళ్లిచూపుల ఫోటోలకు చామనఛాయ పిల్లను దబ్బపండు చేసేవారు చూడండి, అదే విద్య. ఇంకో సంగతి: అయిదోవంతు, మూడోవంతు కొవ్వు పడితేగాని ఈ కంటికి ఆ తెలుపు సరిగా ఆనదు. అంతకు తక్కువుంటే 'నార్మల్'. అంటే నార్మల్ అన్న మాటకు కొవ్వు లేదని అర్థం కాదు, మాకు కనపడలేదని అర్థం. మా మున్సిపాలిటీ కూడా రోడ్ల మీద గుంతల గురించి అదే అంటుంది.

మా ఆఫీసులో అందరూ ఓదార్చారు. గ్రేడ్ వన్, గ్రేడ్ టూ అందరికీ ఉండేవేనట. నిజమే కాబోలు. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, వాళ్లలో 84 శాతానికి లివరులో కొవ్వు పేరుకున్నట్టు 2025లో ఒక పరిశోధన ప్రచురించారు. ఊరంతా ఉత్తరాయణమైతే నాదొక్కడిదే దక్షిణాయనం ఎందుకవ్వాలి?

రెండోది ఫైబ్రోస్కాన్. ఫ్రాన్సు వాళ్లు కనిపెట్టింది. పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనించి ఠప్ ఠప్‌మని తడతారు. ఆ తట్టుకి లోపల చిన్న అల పుడుతుంది. గట్టి లివరులో అల పరిగెడుతుంది, మెత్తని దాంట్లో నింపాదిగా నడుస్తుంది. ఆ వేగాన్ని బట్టి గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో లెక్కకడతారు. సంతలో పుచ్చకాయను వేలితో కొట్టి చెవి పెట్టి వినే మా తాతకు ఈ సంగతి తెలిస్తే పేటెంటు అడిగేవాడు. పది తట్లు తట్టి మధ్యంకె తీసుకోవాలి. ఆ పదీ ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో కూడా కింద వేస్తారు. ఆ చెదురు 30 శాతం దాటితే అంకెను అనుమానించాలి. ముందు కనీసం రెండు మూడు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. తిండి తిన్నాక లివరుకు రక్తం పోటెత్తుతుంది, ఉన్నదాని కంటే గట్టిగా కనిపిస్తుంది.

నేను పెసరట్టు ఉప్మా తిని వెళ్లాను. టెక్నీషియన్‌తో ఆ మాటే అంటే "పర్లేదు సార్, టిఫినే కదా" అన్నాడు. మందు మాని అప్పటికి తొమ్మిది రోజులు. ఫలితం 13.8. చెదురు 38 శాతం, చీమతలంత అక్షరాల్లో. దాని పక్కన చింతపిక్కంత ఎర్ర అక్షరాల్లో ఎఫ్ 4. ఎఫ్ 4 అంటే సిరోసిస్. ఆ రాత్రి మా ఆవిడ నా ఎల్ఐసీ పాలసీ బాండ్లను ఒకసారి సర్దింది. ఊరికే, దుమ్ము పట్టాయని.

మూడోది ఏప్రిల్‌లో మళ్లీ అల్ట్రాసౌండ్, వేరే సెంటరు. ఇక్కడ కొవ్వు మాయం! మూడు నెలల్లో కొవ్వు కరిగిందని సంతోషించేలోపు, కింద 'కోర్స్ ఎకోటెక్స్‌చర్' అని ఉంది. అంటే లివరు బొమ్మ ముతకగా ఉందట. మా అత్తగారికి ముతక అన్న మాట ఒక్కటే అర్థమైంది. "అల్లుడు గారిది మొదట్నుంచీ నేత చీర లాంటి శరీరమేలే" అంది. మా ఆవిడ ఫోన్‌లో వెతికి, అర్ధరాత్రి దాకా చదివి, పొద్దున్నే తలనీలాలు మొక్కుకుంది. ఆవిడవి కాదు, నావి.

నాలుగోది జులైలో. అదీ గట్టిదనమే కొలుస్తుంది గానీ మిషను వేరు, కంపెనీ వేరు. అంకె: 1.55.

ఇక చూడండి మా ఇంట్లో పండగ. 13.8 నుంచి 1.55కి! మా బావమరిది పూతరేకులు తెచ్చాడు. "బావా, ఎనిమిదో తొమ్మిదో వంతుకు పడిపోయింది. వైద్య చరిత్రలో ఇలాంటిది లేదు" అన్నాడు. మావాడు బీకాం, లెక్కల్లో దిట్ట. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అభినందనలు వచ్చాయి. మూడో అంతస్తు పెద్దాయన మాత్రం, ఇదంతా తాను చెప్పిన తిప్పతీగ కషాయం మహిమేనన్నాడు. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ తెగ తాగి లివరు దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబయి డాక్టర్లు 2021లో రాశారని నేనప్పటికే చదివాను కాబట్టి, ఆ కషాయం రోజూ ఆయన చూస్తుండగా పుచ్చుకుని ఆయన చూడకుండా కుండీలో పోశాను. ఆ కుండీలో తులసి ఎండిపోయింది.

అయిదోది ఆగస్టులో, మళ్లీ ఆఫర్‌లో, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా. రిపోర్టు నిండా ఒకటే మాట: నార్మల్ స్టడీ. స్వాతంత్ర్యం వచ్చేసింది.

అప్పటికి మా ఇంట్లో లివరు మీద మూడు పార్టీలు ఏర్పడ్డాయి. మా ఆవిడది 'ముతక' పార్టీ. మా బావమరిదిది 'నార్మల్' పార్టీ. మా అమ్మ స్వతంత్ర అభ్యర్థి, గుర్తు దిష్టి గుమ్మడికాయ. ఎన్నికలప్పుడు ప్రతి పార్టీ తను గెలుస్తుందని చెప్పిన సర్వేనే చేతిలో పట్టుకుని టీవీలో కూర్చుంటుంది చూడండి, అచ్చం అలాగే ఎవరి రిపోర్టు వాళ్లు పట్టుకుని కూర్చున్నారు. "బావా, అయిదింటిలో అన్నిటికంటే కొత్తదీ మంచిదీ ఒకటే అయినప్పుడు పాతవాటిని పట్టించుకోవడం మూఢనమ్మకం" అన్నాడు వాడు. వాడికెందుకంత ఆసక్తి అని మీరడగొచ్చు. నేను మానేశాక వాడికి సిట్టింగ్‌లో జత లేకుండా పోయింది.

మనలో మన మాట, వాడిదాకా ఎందుకు? ఆ నార్మల్ రిపోర్టు చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొస్తుంటే, వైన్స్ ముందు బండి దానంతట అదే నిదానించింది. ఏడు నెలల తర్వాత కూడా పాత యజమాని దొడ్డి గుర్తుపట్టే ఎద్దులాగ. షాపు కుర్రాడు లోపల్నుంచే చూసి "ఏం సార్, ఊళ్లో లేరా?" అన్నాడు. వాడి గొంతులో ఉన్న ఆప్యాయత, నిజం చెబుతున్నాను, అయిదు సెంటర్లలో ఏ ఒక్కరి గొంతులోనూ వినలేదు. నిమ్మకాయ సోడా తాగి వచ్చేశాను. కానీ ఆ సోడా అయ్యేవరకూ నా చెయ్యి జేబు మీదే ఉంది. రిపోర్టు మీద కాదు, అనుమతి పత్రం మీద.

వాడి ఆప్యాయతకు కారణం లేకపోలేదు. మన రాష్ట్రాల ఖజానాలు నడిచేదే మా మీద. ఎన్టీఆర్ 1995 జనవరి 16న, సంక్రాంతి ముగ్గులు చెరగకముందే, సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో ఎత్తేశారు. అంటే మా అందరికీ కలిపి సర్కారు ఇప్పించిన సెలవు రెండేళ్లు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే షాపు తెరిచి కౌంటర్లో కూర్చుంది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతుల్లో పెట్టి, పేదవాడికి అందుబాటులో ఉండాలని 99 రూపాయలకు క్వార్టరు తెచ్చింది. కందిపప్పుకు పట్టని అదృష్టం. తెలంగాణలో 2023లో 2620 షాపులకు లక్షకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అప్పట్లో దరఖాస్తుకు రెండు లక్షలు, లాటరీ తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాలేదు. మా లివర్ల మీద మాకు లేని నమ్మకం వాళ్లకుంది! బీరువాలో రిపోర్టులు ఎలా తగలడినా, బడ్జెట్ పుస్తకంలో మాత్రం మేము ఏటా నార్మల్ స్టడీయే. అక్కడ ఎవరూ కోరిలేట్ చేసుకోమని అడగరు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. మరుసటేడు రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు. వాళ్ల దగ్గర ప్రోబ్ లేదు, జెల్ లేదు. ఇంట్లో అన్నం కుండ తట్టి చూశారు, బోలుగా మోగింది. చెదురు సున్నా శాతం.

ఆ మాటకొస్తే మన పురాణాల్లో మొట్టమొదటి కడుపు స్కానింగ్ శుక్రాచార్యుడిది. ఆయన శిష్యుడు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను రాక్షసులు సురలో కలిపి ఆయన చేత తాగించారు. కూతురు దేవయాని ఏడిస్తే ఆయన కచుణ్ణి పిలిచాడు. పిలుపుకి జవాబు ఆయన కడుపులోంచే వచ్చింది. మిషను లేదు, మీట లేదు, లోపలున్నవాడే రిపోర్టు చదివాడు. రెండో అభిప్రాయానికి ఇంకో గురువు దగ్గరకు పరిగెత్తలేదాయన. అక్కడికక్కడే సురకు శాపం పెట్టాడు. నా కడుపులోంచి ఇరవై ఏళ్లుగా ఎవడో పిలుస్తూనే ఉన్నాడు. గ్యాసనుకుని సోడా తాగాను.

చివరికి అయిదు లివర్లనూ కవర్లో పెట్టుకుని, లివరు జబ్బులే చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆవిడ దేన్నీ చదవలేదు ముందు. తేదీలు చూసి, బల్ల మీద వరసగా పేర్చింది. ఆ పేర్చడం చూస్తే నాకు పేకాట గుర్తొచ్చింది. ముక్కలన్నీ చేతిలోనే ఉన్నాయి. సీక్వెన్స్ పెట్టుకోవడం తెలియక ఇన్నాళ్లూ ఫుల్ కౌంట్ భయంతో కూర్చున్నాను. పేర్చాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న:

"ఈ ఫారంలో సోషల్ డ్రింకర్ అని రాయించిందెవరు?"

సెంటర్లను తిట్టుకుంటూ వెళ్లినవాణ్ణి. తలొంచుకున్నాను. విషయమేమిటంటే, 13.8 అన్న అంకెకు సొంతంగా అర్థం లేదట. అది ఏ గీతకు ఇవతల, ఏ గీతకు అవతల అన్నదే లెక్క. ఆ గీత జబ్బును బట్టి మారుతుంది. హెపటైటిస్ సి రోగులకు సిరోసిస్ గీత 12.5 దగ్గర గీశారు. మద్యం వల్ల దెబ్బతిన్న లివరుకు కొన్ని పరిశోధనల్లో అది 19 దాటింది. నేను ఎప్పుడో గానీ తాగనని చెప్పాను కాబట్టి సెంటరు వాళ్లు తాగనివాడి గీతతో కొలిచి ఎఫ్ 4 అని కొట్టారు. నా ఎల్ఐసీ బాండ్ల దుమ్ము దులిపించింది నా అబద్ధమే. ఏ జబ్బుకైనా 10 లోపైతే ముదరలేదనీ, 15 దాటితే ముదిరినట్టేననీ బవేనో అనే ఇటలీ ఊరి పేరుతో జరిగే నిపుణుల సభ ఒక మోటు లెక్క కూడా చెప్పిందట. ఆ లెక్కన చూసినా 13.8 నడిమధ్యన వేలాడేదే.

"పైగా మానేసిన తొమ్మిదో రోజు. పైగా టిఫిను. అప్పటి రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ 148. వాచిన లివరు గట్టిగానే తగులుతుంది. అది మచ్చ గట్టిదనమా, వాపు గట్టిదనమా ఈ మిషనుకు తెలీదు" అంది.

మరి ఒకళ్లు కొవ్వంటారు, ఒకళ్లు ముతకంటారు, ఒకళ్లు నార్మలంటారు, వీళ్లలో ఎవరు అబద్ధమాడారని అడిగాను. ఆవిడ నవ్వి "మీరు తప్ప ఎవరూ ఆడలేదు" అంది. ఆ తర్వాత ఆవిడ చెప్పిందంతా వైద్యభాష. ఇంటికొస్తూ దాన్ని నేను మన భాషలోకి ఇలా మార్చుకున్నాను. లివరు పెళ్లి జరిగిన ఇల్లు. ఇరవై ఏళ్ల పెళ్లి. మందు మానగానే పెళ్లయిపోయింది. గోల చేసిన బంధువులు, అంటే వాపు, కొన్ని రోజుల్లో, వారాల్లో సర్దుకుంటారు. షామియానా, అంటే కొవ్వు, నెలా నెలన్నరలో చాలావరకు విప్పేస్తారు. చేసిన అప్పు, అంటే మచ్చ, అది మాత్రం ఏళ్లు పడుతుంది. కొంత తీరుతుంది, కొంత తీరకపోవచ్చు. తొమ్మిదో రోజున వచ్చినవాడు ఇల్లంతా జనమన్నాడు. మూడో నెలలో వచ్చినవాడు షామియానా లేదు, గోడలు మాసి ఉన్నాయన్నాడు. ఏడో నెలలో వచ్చినవాడు వీధిలోంచే తొంగి చూసి, ఇల్లు శుభ్రంగా ఉందని రాసేసి పోయాడు. అప్పు పత్రాలు వీధిలోకి కనిపిస్తాయా?

"అయితే ఇప్పటి రక్తపరీక్ష నార్మల్ వచ్చింది కదండీ" అన్నాను ఆశగా. ఎస్‌జీఓటీ 29, ఎస్‌జీపీటీ 27. నా జీవితంలో అంత తక్కువ మార్కులకు అంత సంతోషించింది లేదు.

"కాలిపోయిన కొంపలోంచి కూడా పొగ రాదండి" అంది ఆవిడ. సిరోసిస్ వచ్చినవాళ్లలోనూ ఆ అంకెలు నార్మల్‌గా ఉండొచ్చట. అందుకని వాటిని ఒంటరిగా నమ్మకుండా వయసు, ప్లేట్‌లెట్లు కలిపి ఫిబ్ 4 అని ఇంకో లెక్క కట్టింది. జనవరి అంకెలతో అది 6.3 వచ్చింది. 2.67 దాటితేనే హడలిపోవాలట. కానీ అప్పటి ఎస్‌జీఓటీ తాగిన వేడి మీదున్నది కాబట్టి ఆ 6.3ను పక్కన పెట్టమంది. ఇప్పటి అంకెలతో 1.4. ఒకటీ ముప్పైలోపు ఉంటే దాదాపు భయం లేదు. అంటే గీతకు ఇటువైపు రాబోయి గుమ్మంలో ఆగాను.

ఆ తర్వాత నాలుగో రిపోర్టు తీసింది. 1.55. పూతరేకుల రిపోర్టు. ఆవిడ పెన్ను తీసి ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక, 1.55ను 1.55తో హెచ్చవేసి, మూడుతో హెచ్చవేసింది. 7.2 వచ్చింది. "ఇది కిలోపాస్కల్స్ కాదు, సెకనుకు మీటర్లు. అల వేగం. మార్చి చూసుకోవాలి. మార్చినా కంపెనీ కంపెనీకీ కొంచెం తేడా ఉంటుంది" అంది. మైళ్లనూ కిలోమీటర్లనూ పక్కపక్కన పెట్టి, తిరుపతి దగ్గరైపోయిందని మేము కొబ్బరికాయ కొట్టామన్నమాట. బీకాం లెక్కల దిట్టకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. పూతరేకుల డబ్బులు అడుగుతాడని భయం.

పరగడుపున తన దగ్గరే ఫైబ్రోస్కాన్ తీసింది. పది తట్లు. 7.1, చెదురు 12 శాతం. జులైలో వేరే మిషను చెప్పిన 7.2తో అది చెయ్యి కలిపింది. ఏడు నెలల్లో మొదటిసారి నా లివర్లలో రెండు ఒకే మాట మీద నిలబడ్డాయి.

"అంటే మచ్చ లేనట్టేనా?"

"ముదిరిన జబ్బు లేనట్టే. కొంచెం కూడా మచ్చ లేదని ఏ మిషనూ రాసివ్వదు."

సూది పెట్టి ముక్క తీసి చూస్తే? అదొక్కటీ మిగిలింది కదా అన్నాను, బీరువాలో ఆరో లివరుకు చోటుందన్న ధైర్యంతో. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. సూదికి వచ్చే ముక్క లివరు మొత్తంలో యాభైవేలలో ఒక వంతు. ఫైబ్రోస్కాన్ తట్టి చూసేది దానికి నూరింతలు పెద్ద ముక్క. అయితే నా లివరు సమంగా ఉడికిన అన్నం కాదు. ఇరవై ఏళ్లు మంట ఎక్కువై, ఒకచోట మాడి, ఒకచోట పలుకుగా ఉన్న గంజి కుండ. ఏ మెతుకు చేతికొస్తే ఆ మెతుకు చెప్పిందే వేదం అవుతుంది. ఇప్పుడు మీకు ఆ అవసరం లేదు పొమ్మంది ఆవిడ. మళ్లీ స్కాను ఏడాదికి. ఇదే మిషను, ఇదే పరగడుపు. మధ్యలో ఆఫర్లేమైనా వస్తే చొక్కాలు కొనుక్కోమంది.

ఫీజు కట్టి బయటికొస్తూ ఆగి ఇంకొక్కటి అడిగాను. మీరు చెప్పకండి మా ఆవిడకు. "మరి, ఎప్పుడైనా, పెళ్లిళ్లకీ వాటికీ, ఒక చిన్న పెగ్గు..."

డాక్టరమ్మ ఫారం వంక చూసింది. 'సోషల్ డ్రింకర్' అన్న మాట మీద వేలు పెట్టింది. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి బావమరిది వరండాలో కూర్చుని ఉన్నాడు, ఫలితం కోసం. 7.1 అని చెప్పాను. వాడి మొహం వాడిపోయింది. "అంటే 1.55 నుంచి మళ్లీ పెరిగిందా బావా? చూశావా, మానేస్తే ఇంతే. అలవాటైన ఒళ్లు తట్టుకోలేదు" అన్నాడు. నేను జవాబివ్వలేదు. కాసేపు కాళ్లూపుకుంటూ కూర్చుని, లోపల మా ఆవిడ కాఫీ కలుపుతున్న చప్పుడు విని, గొంతు తగ్గించాడు.

"బావా, ఆ నార్మల్ స్టడీ ఉంది చూడు, ఆగస్టుది. దానికో జిరాక్సు తీసివ్వకూడదూ? మా ఆవిడ నన్ను కూడా స్కానింగ్‌కి పొమ్మని పోరు పెడుతోంది. పేరు దగ్గర వేలు పెట్టి చూపిస్తాను."